వేషాల బట్టలు సర్దిన మర్నాటికే కుప్పపడుతున్నాయా? సమస్య - పరిష్కారం

పిల్లల వేషాల బట్టలు ఆటగదిలో మళ్లీ మళ్లీ కుప్పపడుతుంటే చాలామంది చేసే మొదటి పని ఇంకో పెద్ద డబ్బా కొనడం. దయచేసి ఆగండి. డబ్బా చాలక ఈ గొడవ వచ్చిన ఇల్లు చాలా అరుదు. ఉతకడం, మడతపెట్టడం, బిగుతైపోయినవి తీసేయడం మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. కింది లక్షణాల్లో మీ ఇంట్లో ఏది కనిపిస్తోందో చూసుకోండి.

లక్షణం: తీసిన బట్ట తిరిగి తన చోటికి చేరదు

ముందు నేల మీద కూర్చోండి. పిల్లల కంటి ఎత్తు నుంచి ఆ అలమరను చూడండి. ఎవరిని అడిగినా “అందుతుందండీ” అంటారు గానీ, కూర్చుని చూసినవారు బహు తక్కువ. తీయడానికి అందడం వేరు, పెట్టడానికి అందడం వేరు. వేలాడే కొసను పట్టి లాగితే బట్ట కిందికి వచ్చేస్తుంది. దాన్ని తిరిగి తగిలించాలంటే కడ్డీ వాళ్ల ముఖానికి ఎదురుగా ఉండాలి. మూడేళ్ల బిడ్డ ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు, ఆరేళ్లకు 115 దాకా వస్తుంది. కడ్డీ నేల నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఇద్దరికీ సరిపోతుంది. పాత కర్టెన్ కడ్డీ చాలు, కానీ గోడకు గట్టిగా బిగించండి. విడిగా నిలబడే స్టాండు మీద పిల్లలు వేలాడితే అది వాళ్ల మీదికే పడుతుంది.

ఐదేళ్లలోపు పిల్లలకు హ్యాంగరే వద్దు. ఒక చేత్తో దాన్ని పట్టుకుని రెండో చేత్తో భుజాలు దూర్చడం వాళ్లకు పెద్ద పని. కొక్కేలు బిగించి, ప్రతి బట్టకూ మెడ వెనుక చిన్న నాడా ముక్క మడిచి కుట్టండి. కొక్కేల మొనలు గుండ్రంగా ఉండాలి, పరిగెత్తే దారికి పక్కగా ఉండాలి. హ్యాంగరు వాడే వయసు వచ్చాక చిన్న సైజువే వాడండి. శాటిన్ జారిపోతుంటే రెండు చివర్లకూ రబ్బరు బ్యాండు చుడితే నిలుస్తుంది.

లక్షణం: ఒకటి లాగితే నాలుగు వస్తాయి

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది ఇదే. ఎత్తు సరిగ్గా ఉంటుంది, బట్టలు తక్కువే ఉంటాయి, పొద్దున సర్దినవి సాయంత్రానికి ముద్దగా మారతాయి. తప్పంతా పిల్లలదే అనిపిస్తుంది. వాళ్లను కోప్పడే ముందు ఒక పరీక్ష చేయండి. కుప్పలో పైనున్న గౌనును ఒక్కదాన్నే మెల్లగా పైకెత్తండి. దానితోపాటు ఇంకేదైనా వేలాడుతూ వస్తే, ఆ రెండూ కలిసిన చోట వేలు పెట్టి తడమండి. గరుకు పట్టీ తగులుతుంది. అది వెల్క్రో.

వేషాల బట్టలకు వీపు మీద, నడుము దగ్గర, రెక్కల పట్టీలకు బొత్తాల బదులు ఇదే కుడతారు. 1941లో స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ ద మెస్ట్రల్ తన కుక్క బొచ్చుకు అంటుకున్న ముళ్లకాయలను గమనించాక ఈ ఆలోచన మొదలైంది. వెల్క్రోకు ఒక వైపు సన్నని కొక్కేలు, మరో వైపు మెత్తటి దారపు ఉంగరాలు ఉంటాయి. కొక్కేలకు తన జత ఏదో, పక్కనున్న గౌను ఏదో తెలియదు. నెట్‌లోని ప్రతి గడీ, లేసులోని ప్రతి దారం, అల్లిన బట్టలోని ప్రతి కన్నూ వాటికి ఉంగరమే. పులి వేషం విప్పి, పట్టీ మూయకుండా డబ్బాలో పడేస్తే చాలు, అది నెట్ గౌనును పట్టేసుకుంటుంది. బిడ్డ గౌను కోసం లాగితే పులి వస్తుంది, పులి తోకతో రెక్కలు వస్తాయి.

అక్కడితో ఆగదు. లాగినప్పుడల్లా దారాలు లేస్తాయి, తెగిన నూగు కొక్కేల మధ్య ఇరుక్కుంటుంది. నూగు నిండిన పట్టీ తన జతకు సరిగా అంటుకోదు. దాంతో బిడ్డ మూద్దామన్నా మూతపడదు. అలా తెరిచే ఉండి, మిగిలిన కొక్కేలతో ఇంకో బట్టను పడుతుంది. సైజు సరిపోక ఊడిపోతోందని మీరు అనుకునేది చాలాసార్లు ఇదే.

ముందు పట్టీ శుభ్రం చేయండి. పాత టూత్ బ్రష్‌తో అడ్డంగా రుద్ది, మిగిలిన నూగును గుండుసూదితో పైకి లేపండి. పట్టీ బిగుతు తిరిగి వస్తే కుట్టుపని అక్కర్లేదు. రాకపోతే వీపు మీదా నడుము దగ్గరా వెల్క్రో విప్పేసి ప్రెస్ బటన్లు కుట్టండి. ఈ మొత్తం వ్యవహారంలో డబ్బు ఖర్చుపెట్టదగిన వస్తువు ఇదొక్కటే, అదీ కొద్దిగానే. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో మాత్రం బటన్లు వద్దు. ఊడితే నోట్లో పెట్టుకుంటారు. వాళ్లకు ఎలాస్టిక్ వేయండి.

మెడ దగ్గర వెల్క్రోను కదిలించకండి. వీరుడి వేషంలో వీపున వేలాడే వస్త్రం ఎక్కడైనా చిక్కుకుంటే వెల్క్రో దానంతటదే విడిపోతుంది. నాడాతో ముడివేసినది విడిపోదు, గొంతు బిగుస్తుంది. మీ ఇంట్లో మెడ దగ్గర ముడివేసే నాడా ఉన్నవి ఉంటే ఈ రోజే కత్తిరించి, వీపు నుంచి తీసిన వెల్క్రోను అక్కడ కుట్టండి. గరుకు ముక్క చిన్నదిగా, మెత్తటి ముక్క పొడవుగా ఉంటే మూసినప్పుడు కొక్కేలు బయటికి కనిపించవు.

ఇక వెల్క్రో మిగిలిన బట్టలన్నీ ఒక పాత దిండు గలీబులో, నెట్, లేసు ఉన్నవన్నీ కడ్డీ మీద. ఈ రెండూ ఒకచోట ఉండకూడదు. ఉతికేటప్పుడు కూడా పట్టీలు మూసే వేయండి.

లక్షణం: డబ్బా నిండుగా ఉన్నా “వేసుకోవడానికి ఏమీ లేదు” అంటారు

డబ్బా లోతు ఎక్కువ. అడుగున ఉన్నది పిల్లలకు కనిపించదు, కనిపించనిది వాళ్లకు లేనట్టే. అట్టపెట్టె ముందు వైపు సగానికి కోసి, అంచుకు టేపు అంటించండి. చదవడం రాని వయసు కాబట్టి పేర్లు రాయడం దండగ. లోపల ఏముందో బొమ్మ గీసి అతికించండి. బరువైన మూత ఉన్న పెట్టె అయితే ఆ మూత తీసేయండి, వేళ్ల మీద పడుతుంది. సగం వేషాలు అటక మీద పెట్టి కొన్ని వారాలకు మార్చడం కూడా బాగా పనిచేస్తుంది.

లక్షణం: కిరీటాలు, రెక్కలు వంకరపోతున్నాయి

బట్టల కింద ఉన్నాయి కాబట్టి. వాటిని గోడకు తగిలించండి.

అరుదైనవి

వాసన వస్తే ఆరకుండానే లోపల పెట్టారని అర్థం, ఎండలో వేయండి. తళుకులు రాలుతుంటే ఆ బట్టను తిరగేసి విడి సంచిలో పెట్టండి. పురుగు కొట్టడం సింథటిక్ వేషాల్లో దాదాపు ఉండదు, ఉన్ని ముక్కలుంటేనే చూసుకోండి.