ఫోన్‌లో దొంగ చెవులు – 3వ పాఠం: పర్మిషన్ల దగ్గర పట్టుకోవడం

పోయిన పాఠంలో యాప్‌ల జాబితా చూశాం. అందులో ఏమీ దొరకలేదని నిశ్చింతగా ఉండకండి. నిఘా యాప్ ఐకాన్‌ను దాచేస్తుంది, ‘సిస్టమ్ సర్వీస్’ లాంటి పేరు తగిలించుకుంటుంది. అయినా మీ మెసేజ్‌లు చదవాలంటే దానికి పర్మిషన్ కావాలి. ఆ జాడ సెట్టింగ్స్‌లో దొరుకుతుంది. (ప్రభుత్వాలకు అమ్మే పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ స్థాయి సరుకు ఈ వలకు చిక్కదు. ఇంట్లోవాళ్లు పెట్టేవి, శుభలేఖ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్ వేసేవి) మాత్రం చాలావరకు చిక్కుతాయి.)

ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో పైనున్న సెర్చ్‌లో ‘యాక్సెసిబిలిటీ’ అని కొట్టండి. ‘డౌన్‌లోడెడ్ యాప్స్’ తెరవండి. శామ్‌సంగ్‌లో ‘ఇన్‌స్టాల్డ్ యాప్స్’ అని ఉంటుంది. అక్కడ ‘ఆన్’ అని ఉన్న ప్రతి పేరూ చదవండి. ఈ పర్మిషన్ ఉన్న యాప్ తెర మీది అక్షరాలు చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. వాట్సాప్ ఎన్‌క్రిప్షన్ ఇక్కడ అక్కరకు రాదు, ఎందుకంటే చదివేది దారిలో కాదు, మీ తెర మీదే. పాస్‌వర్డ్ మేనేజర్ ఉంటే ఫర్వాలేదు. మీరు పెట్టని ‘సింక్ సర్వీస్’ ఉంటే అనుమానించాల్సిందే.

ఆండ్రాయిడ్ 13 నుంచి, బయటి ఏపీకేతో వేసిన యాప్‌కు ఈ స్విచ్ మామూలుగా మసకబారి ఉంటుంది. ‘యాప్ ఇన్ఫో’లో మూడు చుక్కలు నొక్కి ‘అలౌ రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్’ ఇస్తేనే పనిచేస్తుంది. అంటే చాలాసార్లు ఎవరో ఫోన్ చేతిలోకి తీసుకునో, మీ చేతే నొక్కించో ఆ పని చేసి ఉంటారు.

తర్వాత ‘నోటిఫికేషన్ యాక్సెస్’ అని వెతకండి. ఇది ఉన్న యాప్ మీకు వచ్చే నోటిఫికేషన్లన్నీ చదవగలదు. స్మార్ట్‌వాచ్ యాప్ అక్కడ ఉండటం సహజం.

చివరిది ‘డివైస్ అడ్మిన్ యాప్స్’. అన్ఇన్‌స్టాల్ బటన్ నొక్కుడు పడకపోతే కారణం తరచుగా ఇదే: ముందు ఇక్కడ టిక్ తీసి, తర్వాత తొలగించాలి. టిక్ తీయబోతే తెర వెనక్కి తోసేస్తోందా? పవర్ ఆఫ్ గుర్తును నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లు సేఫ్ మోడ్‌లోకి వెళ్తాయి. అందులో మనం వేసుకున్న యాప్‌లు నడవవు.

ప్లే స్టోర్‌లో మీ ఫొటో నొక్కి, హానికర యాప్‌లను వెతికే ప్లే ప్రొటెక్ట్ కూడా చూడండి. మీరు ఆపకుండానే స్కాన్ ఆగిపోయి ఉంటే అదీ ఒక ఆనవాలే.

తొలగించే ముందు ఒక్క క్షణం ఆగండి. యాప్ పోయిన సంగతి పెట్టినవాళ్లకు తెలిసిపోతుంది. వాళ్లు మీ ఇంట్లోనే ఉండి, గొడవ భయం ఉంటే ముందు ఎవరి దగ్గర ఉండాలో చూసుకోండి. సాక్ష్యానికి స్క్రీన్‌షాట్ వద్దు, అదీ వాళ్లకే చేరొచ్చు. వేరే ఫోన్‌తో తెరను ఫొటో తీయండి. పాస్‌వర్డ్‌లు మార్చడమూ ఆ వేరే ఫోన్‌లోనే.