మందు కొట్టేవాళ్లు ముందు వీపు చూసుకోండి

పోయిన వారం మా పక్క ఊళ్లో పత్తికి పురుగుమందు కొడుతూ ఓ కూలీ చేలోనే పడిపోయాడు. ముక్కుకు తువ్వాలు గట్టిగానే కట్టుకున్నాడు. వీపు మాత్రం దాని మీద మోసే మందు ట్యాంకు కారి తడిసి ముద్దయింది. ఆదిలాబాద్‌కు ఆనుకుని ఉన్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో 2017లో ఇలా మందు కొడుతూ విషమెక్కి ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు.

అందరి భయం ముక్కు గురించే. చేలో విషం ఎక్కువగా ఎక్కేది చర్మం నుంచి. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి పురుగుమందులు తడి బట్టలోంచి ఒంట్లోకి ఇంకుతూనే ఉంటాయి. పెద్దగా మంట పుట్టదు కనుక ‘ఈ ట్యాంకు అయిపోనీ’ అనుకుంటారు. పైగా కూలి ట్యాంకు లెక్కన. ఇంకెవరు ఆగుతారు? చొక్కా తడిస్తే అక్కడే ఆపండి, విప్పండి, సబ్బుతో కడుక్కోండి. పొడి చొక్కా ఒకటి గట్టు మీద ఉంచుకోండి.

మందు అమ్మాలంటే లైసెన్సు కావాలి, దుకాణదారులకు ఏడాది డిప్లొమా కోర్సు కూడా ఉంది. సొంత చేలో కొట్టేవాడిని మాత్రం నేర్చుకున్నావా అని అడిగే నాథుడు లేడు. రైతు వేదికలో ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) మీటింగ్ పెడితే పట్టాదారు ఒక్కడే వెళ్లొస్తే లాభం లేదు, ట్యాంకు మోసేవాణ్ణి తీసుకెళ్లండి.

మందు కలిపేటప్పుడు ఇంకా జాగ్రత్త, అప్పుడది చిక్కగా ఉంటుంది. రబ్బరు గ్లౌజులే వాడండి, నూలువి మందును పీల్చి చేతికే అంటిస్తాయి. కర్రతో కలపండి.

ట్యాంకు నీళ్లతో నింపి లీకు చూశాకే మందు పోయండి. ఎదురుగాలికి కొట్టొద్దు. మనిషెత్తు పత్తిలో తడిసిన సాలులోకి మళ్లీ దిగొద్దు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదొద్దు. నాలుగు మందులు ఒకే ట్యాంకులో కలపొద్దు. మధ్యలో బీడీ, గుట్కా వద్దు. పిల్లలతో నీళ్లు మోయించొద్దు. ఆ బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో కలిపి ఉతకొద్దు. చొక్కా తడిసిందా? మళ్లీ చెబుతున్నా, విప్పండి.

వాంతులు, నోట్లో చొంగ, విపరీతమైన చెమటలు, చూపు మసకబారడం కనిపిస్తే ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగించి పడుకోబెట్టొద్దు. 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోగా తడి బట్టలు తీసి ఒళ్లు కడగండి. మందు డబ్బా లేబుల్‌తో సహా వెంట తీసుకెళ్లండి. మోనోక్రోటోఫాస్‌కు అట్రోపిన్ ఇస్తారు, గడ్డిమందు పారాక్వాట్‌కు విరుగుడే లేదు. ఏ మందో డాక్టరుకు తెలియాలి.