డాపివిరిన్ రింగ్ వాడే పద్ధతి

అమలాపురం మెడికల్ షాపుల్లో అడక్కండి, దొరకదు. దక్షిణాఫ్రికా, జింబాబ్వే లాంటి చోట్ల ఆడవాళ్ళు హెచ్ఐవీ రాకుండా వాడుతున్న యోనిలో పెట్టుకునే మెత్తటి సిలికాన్ రింగ్ ఇది. 2021లో డబ్ల్యూహెచ్‌వో సిఫారసు చేసింది. లోపల 25 మి.గ్రా. డాపివిరిన్ అనే మందు ఉంటుంది, నెలపాటు కొంచెం కొంచెంగా వదులుతుంది.

ముందు హెచ్ఐవీ టెస్ట్ చేయించుకోవాలి, నెగెటివ్ అయితేనే ఇది. చేతులు సబ్బుతో కడుక్కుని, గొంతుక్కూర్చునో ఒక కాలు పైకి పెట్టో, రింగ్‌ని రెండు పక్కలా నొక్కి యోనిలోకి వేలు అందినంత లోపలికి తోసేయండి. సరిగ్గా కూర్చుంటే అసలు తెలియదు, గుచ్చుకుంటోందంటే ఇంకాస్త లోపలికి జరపాలి. నెలసరి వచ్చినా, కలిసినా తీయక్కర్లేదు. జారి శుభ్రమైన చోట పడితే మంచినీళ్ళతో కడిగి పెట్టుకోవచ్చు (కాలవ నీళ్ళు వద్దు తల్లీ!), మరుగుదొడ్లో పడితే మాత్రం పారేసి కొత్తది పెట్టుకోవాల్సిందే.

ట్రయల్స్‌లో రిస్క్ సుమారు మూడో వంతే తగ్గింది, కాబట్టి కండోమ్ మానొద్దు. గర్భం, మిగతా సుఖవ్యాధులు ఇది ఆపదు.

ఇప్పటికే ఎక్కడైనా రిస్క్ జరిగిందని టెన్షన్ ఉంటే రింగ్ గురించి ఆలోచించకండి, 72 గంటల్లోపే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి పెప్ మాత్రలు (రిస్క్ జరిగాక హెచ్ఐవీ రాకుండా వేసుకునేవి) అడగండి. సిగ్గనిపిస్తే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి.