చిన్న ఆర్‌సీ హెలికాప్టర్‌కు బ్రష్‌లెస్ మోటార్ ఎలా వేయాలి?

బ్లేడ్ ఎమ్‌సీపీ ఎక్స్ లాంటి 1ఎస్ (ఒకే సెల్ లిథియం బ్యాటరీ) హెలికాప్టర్లలో మెయిన్ మోటార్ బ్రష్‌ది. బ్రష్‌లు అరిగేకొద్దీ రోటర్ వేగం తగ్గుతుంది, పైకి లేచే సత్తా పోతుంది. అలాంటి మోటారే మళ్లీ మళ్లీ కొని వేయడం కన్నా, ఒకసారి బ్రష్‌లెస్‌కు మారిపోవడం మేలు.

కావలసినవి: ఫ్రేమ్‌లో పట్టే బ్రష్‌లెస్ మోటార్, దాని షాఫ్ట్‌కు సరిపోయే పినియన్ (మెయిన్ గేర్‌ను తిప్పే చిన్న పళ్ల చక్రం), 1ఎస్ వోల్టేజ్‌లో పనిచేసే 7 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నియంత్రించే చిన్న బోర్డు), సన్నని ఎనామిల్ వైరు, సన్న మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్. ఈఎస్‌సీలో పాత బీఎల్‌హెలి ఫర్మ్‌వేర్ (లోపల నడిచే ప్రోగ్రామ్), అందులోనూ మెయిన్ మోటార్ కోసం రాసిన ‘మెయిన్’ రకం ఉండాలి. బీఎల్‌హెలి ఎస్ కొనకండి. కారణం కింద ఉంది.

పినియన్ లెక్క: రోటర్ వేగం (ఆర్‌పీఎం) = వోల్టేజ్ × కేవీ (లోడ్ లేనప్పుడు ఒక్కో వోల్టుకు మోటార్ ఎన్ని ఆర్‌పీఎం తిరుగుతుందో ఆ అంకె) × పినియన్ పళ్లు ÷ మెయిన్ గేర్ పళ్లు. ఉదాహరణకు 3.7 వోల్టులు, 14000 కేవీ, 8 పళ్ల పినియన్, 70 పళ్ల గేర్ అయితే 5920 వస్తుంది. లోడ్ పడ్డాక అందులో ముప్పాతిక వంతు, అంటే దాదాపు 4400 ఆర్‌పీఎం మిగులుతుందనుకోండి. ఈ సైజుకు అది చాలు. ఇంకా పెద్ద పినియన్ వేస్తే బ్యాటరీ తట్టుకోదు.

పాత మోటార్ తీసి కొత్తది బిగించండి. స్క్రూ పొడవైతే లోపలి వైండింగ్‌ను కోసేస్తుంది. అందుకే ముందు స్క్రూను మౌంట్‌లో పెట్టి, అవతలికి ఎంత వస్తోందో చూడండి. గేర్ల మధ్య పల్చటి కాగితం ముక్క పెట్టి బిగించి, తర్వాత లాగేస్తే సందు సరిపోతుంది.

అసలు కష్టం సిగ్నల్ దగ్గర. ఎక్కువమంది బోర్డులు కాల్చుకునేది ఇక్కడే.

స్టాక్ బోర్డు (హెలికాప్టర్‌తో వచ్చిన కంట్రోల్ బోర్డు) మెయిన్ మోటార్‌కు ఇచ్చేది సర్వో పల్స్ కాదు. బ్యాటరీ ప్లస్ ఎప్పుడూ మోటార్‌కు అందుతూనే ఉంటుంది. మైనస్ వైపు ఉన్న ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతుంది. ఆన్‌లో ఉండే సమయం ఎంత శాతమో అదే థ్రాటిల్. మామూలు ఈఎస్‌సీ 1 నుంచి 2 మిల్లీసెకన్ల పల్స్ కోసం చూస్తుంది కాబట్టి దీన్ని పట్టించుకోదు. పాత బీఎల్‌హెలిలో ‘పీడబ్ల్యూఎం ఇన్‌పుట్’ (ఆన్ సమయం శాతాన్ని చదివే సెట్టింగ్) ఆన్ చేస్తే 1, 2, 4, 8 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌ను నేరుగా అర్థం చేసుకుంటుంది. బీఎల్‌హెలి ఎస్‌లో ఆ సౌకర్యం లేదు.

సిగ్నల్‌ను ఫెట్ గేట్ (దాన్ని ఆన్, ఆఫ్ చేసే కాలు) నుంచే తీయాలి. గేట్‌ను ఇలా పట్టుకోండి. బ్యాటరీ తీసేసి, మీటర్‌ను కంటిన్యుటీలో (రెండు చోట్లు కలిసి ఉంటే బీప్ కొట్టే సెట్టింగ్) పెట్టండి. బ్యాటరీ మైనస్‌తో బీప్ కొట్టే కాలు సోర్స్. మోటార్ ప్లగ్ మైనస్‌తో కొట్టేది డ్రెయిన్. మిగిలింది గేట్. అంతటితో నమ్మేయకండి. బ్లేడ్లు తీసేసి, టెయిల్ మోటార్ ప్లగ్ కూడా పీకేసి, బ్యాటరీ పెట్టి, గేట్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య డీసీ వోల్టేజ్ చూడండి. స్టిక్ కింద ఉన్నప్పుడు సున్నా దగ్గర ఉండి, స్టిక్ లేపేకొద్దీ పెరగాలి. అలా పెరిగితేనే సోల్డర్ చేయండి. ఐరన్‌ను రెండు సెకన్లకు మించి ఆనించకండి, ప్యాడ్ ఊడొస్తుంది. వైరును చుక్క జిగురుతో బోర్డుకు అంటించండి, లేకపోతే మొదటి క్రాష్‌లోనే ప్యాడ్‌తో సహా లేచిపోతుంది.

కొందరు మోటార్ ప్లగ్ మైనస్ నుంచే సిగ్నల్ తీస్తారు. అక్కడ సిగ్నల్ తలకిందులుగా ఉంటుంది. పుల్ అప్ రెసిస్టర్ (సిగ్నల్ వైరును ప్లస్ వైపు లాగి ఉంచేది) పెట్టాలి, ఈఎస్‌సీలో ఇన్‌పుట్ పొలారిటీ కూడా మార్చాలి. అది మరిచిపోతే స్టిక్ కింద ఉన్నప్పుడు ఈఎస్‌సీ ఫుల్ థ్రాటిల్ అనుకుని ఆర్మ్ కాదు, అంటే మోటార్ తిప్పడానికి సిద్ధం కాదు. ఎందుకు తిరగడం లేదని స్టిక్ పైకి తోస్తే అప్పుడు ఆర్మ్ అవుతుంది, కిందికి దించగానే మోటార్ పూర్తి వేగంతో లేస్తుంది. వేళ్లు తెగే పని. గేట్ దారే సరైనది.

ఈఎస్‌సీ పవర్ వైర్లను బ్యాటరీ ప్యాడ్లకు నేరుగా సోల్డర్ చేయండి. మోటార్ ప్లగ్ ఖాళీగానే ఉండాలి. ఈఎస్‌సీ సిగ్నల్ వైర్ల మధ్య ఎర్ర వైరు ఉంటే కత్తిరించి, కొసకు ఇన్సులేషన్ వేయండి. దాని 5 వోల్టులు 1ఎస్ బోర్డుకు ఎక్కకూడదు.

ఈఎస్‌సీలో గవర్నర్ (వేగాన్ని తనే స్థిరంగా ఉంచే సెట్టింగ్) ఆఫ్ చేయండి. టెయిల్ మోటార్‌కు ఎంత ఇవ్వాలో బోర్డు తన థ్రాటిల్‌ను బట్టి కూడా లెక్కేసుకుంటుంది. ఈఎస్‌సీ సొంతంగా వేగం సర్దితే తోక ఊగుతుంది.

బ్లేడ్లు లేకుండానే తిప్పి చూడండి. పినియన్ గేర్‌కు ఎదురు దిశలో తిరుగుతుంది కాబట్టి దిశను గేర్ చూసి నిర్ణయించండి. తప్పయితే మూడు మోటార్ వైర్లలో ఏ రెండింటినైనా మార్చండి. బ్లేడ్లు పెట్టాక ఎగరగానే బోర్డు రీసెట్ అవుతుంటే సిగ్నల్‌ను అనుమానించకండి. ముసలి బ్యాటరీ గానీ సన్న ప్లగ్ గానీ వోల్టేజ్‌ను దించేస్తోంది.

మొదటి మూడు నిమిషాలు గాల్లో నిలిపి ఉంచి, దించగానే టెయిల్ మోటార్ ముట్టుకోండి. మెయిన్ రోటర్ టార్క్ పెరిగింది కాబట్టి ఇప్పుడు భారం దాని మీదే పడుతుంది. వేలు ఆనించలేనంత వేడిగా ఉంటే పినియన్ ఒక పన్ను తగ్గించండి.