బరువుకీ కాలానికీ లంకె – 4వ పాఠం: కైలాసగిరి లెక్క

కిందటి పాఠంలో ద్రవ్యరాశి తన చుట్టూ ఉన్న స్థలకాలాలను వంచుతుందని చెప్పుకున్నాం. ఇవాళ కాగితం, పెన్ను పట్టుకు కూర్చోండి. విశాఖలో ఆర్కే బీచ్ ఇసుకలో ఒక అణు గడియారం (పరమాణువుల కంపనాలతో కాలాన్ని అతి కచ్చితంగా కొలిచేది), కైలాసగిరి మీద పూల గడియారం పక్కన అలాంటిదే ఇంకొకటి పెట్టామనుకుందాం. ఎత్తు మారితే కాలం నడక కూడా మారుతుంది కాబట్టి రెండూ ఒకేలా నడవవు. రోజుకి ఎంత తేడా వస్తుంది?

సూత్రం చిన్నదే. గురుత్వ త్వరణాన్ని ఎత్తుతో గుణించి, కాంతి వేగం వర్గంతో భాగించాలి. కొండ ఎత్తు సుమారు 170 మీటర్లు. 9.8 × 170 = 1,666. కాంతి వేగం సెకనుకి 30 కోట్ల మీటర్లు, దాని వర్గం 9 పక్కన 16 సున్నాలు. భాగిస్తే కోటి కోట్ల సెకన్లకి 1.85 సెకన్ల తేడా. రోజుకున్న 86,400 సెకన్లకి ఇది 1.6 నానోసెకన్లు (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు). కొండ మీది గడియారం అంత ముందుంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ‘పైన ఆకర్షణ తక్కువ కాబట్టి గడియారం వేగంగా తిరిగింది’ అంటారు. కాదు. 170 మీటర్లు ఎక్కితే ఆకర్షణ తగ్గేది నూటికి 0.005 వంతు మాత్రమే. అసలు ఏమాత్రం తగ్గకపోయినా ఈ తేడా వచ్చి తీరుతుంది. సూత్రంలోకి మళ్లీ చూడండి. మనం వేసింది ఒక్క త్వరణమే, రెండింటి తేడా కాదు.

మరి తేడా ఎక్కడిది? బీచ్ నుంచి కొండకి ఒక కాంతి కిరణం పంపండి. పైకి విసిరిన బంతిలాగే అదీ ఎక్కుతూ శక్తి కోల్పోతుంది. కాంతికి వేగం తగ్గదు, పౌనఃపున్యం (సెకనుకి వచ్చే అలల సంఖ్య) తగ్గుతుంది. అంటే అలలు కొండ దగ్గరికి కాస్త ఎడంగా చేరతాయి. కానీ దారిలో ఒక్క అల కూడా తప్పిపోలేదే! కింద లెక్కపెట్టి పంపినవన్నీ పైకి చేరాయి, పైవాళ్లకి మాత్రం ఎక్కువసేపు పట్టింది. కాబట్టి కిందికంటే పైన ఎక్కువ కాలం గడిచింది. ఈ నాలుగు మాటలూ పట్టుబడేదాకా ముందుకు వెళ్లొద్దు, పాఠానికి ప్రాణం ఇదే.

ఇది ఊహ కాదు. 1960లో భౌతిక శాస్త్రవేత్తలు పౌండ్, రెబ్కా హార్వర్డ్‌లో కేవలం 22.5 మీటర్ల ఎత్తులో గామా కిరణాలతో దీన్ని కొలిచారు. టోక్యో స్కైట్రీ టవర్‌లో 450 మీటర్ల తేడాతో గడియారాలు పెట్టి చూసిన ఫలితం 2020లో వచ్చింది: రోజుకి 4 నానోసెకన్ల పైచిలుకు. మన సూత్రంలో 450 వేసి చూడండి, 4.2 వస్తుంది. నాకు మొదటిసారి ఆ అంకె సరిపోయినప్పుడు ఒళ్లు జలదరించింది.

అభ్యాసం: మీ మేడ మీద గది కింది గదికంటే 3 మీటర్లు ఎత్తు. 70 ఏళ్లపాటు పై గదిలోనే ఉన్నవాళ్ల వయసు కింది గదివాళ్లకంటే ఎంత ఎక్కువ? మైక్రోసెకనులో (అంటే సెకనులో పది లక్షలవ వంతులో) సుమారు 0.7 వంతు రావాలి. రాకపోతే సున్నాలు మళ్లీ లెక్కపెట్టుకోండి.

జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి. అంత దూరంలో 9.8 అలాగే ఉండదు కాబట్టి ఈ సూత్రం అక్కడ చెల్లదు. దాన్ని సరిదిద్దే పని 5వ పాఠంలో.