మొయినా జాడీకి డ్రిప్ కాక్ బిగించుకోవడం ఎలా?

గప్పీ, ఫైటర్ చేపపిల్లలకు బతికున్న మొయినా (నీళ్లలో గంతులేసే, చుక్కంత నీటి పురుగు) కంటే మంచి మేత నాకు తెలీదు. పది లీటర్ల గాజు జాడీలో పచ్చనీళ్లు (సన్న నాచుతో ఆకుపచ్చగా మారిన నీళ్లు) పోసి ఇంట్లోనే పెంచుకోవచ్చు. ఇబ్బందల్లా తీసేటప్పుడే. రోజూ పైనుంచి వల పెట్టి కలిపితే అడుగు మడ్డి లేచి నీళ్లు చెడిపోతాయి. జాడీ పక్కన చిన్న కాక్ ఉంటే ఆ బాధ ఉండదు.

ఇత్తడి కుళాయి మాత్రం వద్దు. మొదటిసారి నేను ఇత్తడిదే బిగించాను. మూడో రోజు జాడీని లైటుకు ఎదురుగా పట్టుకుని చూస్తే, గంతులేస్తూ తిరిగే చుక్కలన్నీ అడుగున తెల్లటి పొరలా పడి ఉన్నాయి. ఇత్తడిలో రాగి ఉంటుంది. నీళ్లలో ఏ కాస్త రాగి కరిగినా మొయినా, దాని చుట్టమైన డాఫ్నియా తట్టుకోలేవు.

అనంతపురంలో ప్లాస్టిక్ సామాను కోసం పెద్దగా తిరగక్కర్లేదు. చీనీ తోటలకు డ్రిప్ వేసే ఊరు మనది. డ్రిప్ అంగట్లో ఒక రబ్బరు గ్రోమెట్ (బెజ్జంలో బిగిసే, చుట్టూ గాడి ఉన్న రింగు), దానికి సరిపోయే టేకాఫ్ (గ్రోమెట్‌లోకి దిగి పైపును పట్టే ముక్క), జానెడు 16 ఎం.ఎం. లేటరల్ పైపు (డ్రిప్‌కు వాడే సన్న పైపు), ఒక కాక్ అడగండి. డ్రిప్ లైను మామూలుగా కిలో ప్రెషర్ మీద నడుస్తుంది. జాడీలో అడుగు ఎత్తు నీళ్ల ఒత్తిడి అందులో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. గ్రోమెట్ గాడి గాజు మందాన్ని గట్టిగా పట్టాలి కాబట్టి జాడీని వెంట తీసుకెళ్లి చూసుకోండి. గాడి దగ్గర కొలిచి, అదే సైజు డైమండ్ బిట్ కొనండి. గ్రానైట్ పని చేసేవాళ్లు వాడే రకమే.

టఫెన్డ్ గాజుకు (వేడి చేసి గట్టిపరిచిన గాజుకు) బెజ్జం వేయకూడదు, బిట్ దిగగానే ముక్కలు ముక్కలైపోతుంది. మామూలు గాజు ఊరగాయ జాడీ చాలు.

జాడీని తడి గోనెసంచి మీద పడుకోబెట్టండి. అడుగు నుంచి మూడు వేళ్ల ఎత్తున గుర్తు పెట్టుకోండి. మరీ కిందికి పోతే గాజు వంపు తిరుగుతుంది, అక్కడ పగిలే ప్రమాదం ఎక్కువ. గుర్తు చుట్టూ గోధుమపిండి ముద్దతో చిన్న గట్టు కట్టి నీళ్లు పోయండి. నీళ్ల పని కాబట్టి బ్యాటరీ డ్రిల్లే వాడండి, కళ్లద్దాలు పెట్టుకోండి. హ్యామర్ ఆపేసి, స్పీడు బాగా తగ్గించి, మొదట బిట్‌ను ఏటవాలుగా ఆనించండి. నెలవంకలా గాటు పడ్డాక మెల్లగా నిలువుకు తెచ్చుకోండి. నీళ్లు పాలలా తెల్లబడుతుంటే పని సరిగ్గా జరుగుతున్నట్టే. అప్పుడప్పుడూ ఆపి నీళ్లు మార్చండి. చేత్తో అదమొద్దు, డ్రిల్లు బరువే చాలు. చాలా జాడీలు చివరి అర మిల్లీమీటరు దగ్గరే, ఇంకాస్తే కదా అని తొందరపడినప్పుడే పోతాయి.

అంచును తడి ఉప్పుకాగితంతో రుద్ది, జాడీని బాగా కడగండి. గ్రోమెట్‌ను నీళ్లతో తడిపి బయటి నుంచే లోపలికి నొక్కండి. సబ్బు రాయొద్దు. టేకాఫ్, లేటరల్, కాక్ వరసగా తొడిగి, జాడీ నిండా నీళ్లు పోసి కింద పాత పేపరు పరిచి ఒక రోజు వదిలేయండి. మర్నాటికి పేపరు పొడిగా ఉండాలి.

గాలికి సన్నటి గొట్టం అడుగుదాకా దించండి. ఎయిర్ స్టోన్ పెట్టొద్దు, ఆ సన్న బుడగలు మొయినా చిప్పలో ఇరుక్కుని వాటిని పైకి తేలుస్తాయి. పంపును నీటిమట్టం కంటే ఎత్తులో పెట్టండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు వెనక్కి పంపులోకి పోతాయి. మన ఎండలకు జాడీ నీడపట్టునే ఉండాలి.

మేత కావలసినప్పుడు గాలి ఆపి పది నిమిషాలు ఆగండి. మడ్డి కాక్ కంటే కిందికి దిగిపోతుంది. అప్పుడు కాక్ తిప్పి, కింద పాత వాయిల్ చీర గుడ్డ పట్టండి. పావు వంతు మించి తీయకుండా, క్లోరిన్ పోయేలా ఒక రోజు ముందే పట్టి ఉంచిన నీళ్లతో జాడీ మళ్లీ నింపండి.