ల్యాబ్ పాఠాలు – 5: కదిలే బ్యాక్టీరియాను చూడటం, హెచ్ ట్యూబును చదవడం

పోయిన భాగంలో గ్రామ్ స్టెయిన్ చేశాం. ఆ స్లైడ్ మీద ఉన్నవన్నీ చచ్చిన బ్యాక్టీరియా. ఈసారి బతికున్నవాటిని చూద్దాం. వైడాల్ (టైఫాయిడ్‌కు చేసే రక్తపరీక్ష) రిపోర్టు అర్థం కావాలంటే మొదలుపెట్టాల్సింది ఇక్కడే అని నా గట్టి నమ్మకం.

బ్యాక్టీరియా ఈదేది కశాభాలతో. కశాభం అంటే ఫ్లాజెల్లిన్ అనే ప్రొటీన్‌తో కట్టిన సన్నటి పోగు. మందం సుమారు 20 నానోమీటర్లు, కాబట్టి మామూలు మైక్రోస్కోపుకు అందదు. దాని మొదట్లో, కణం పొరలో ఉండే మోటారు దాన్ని గిరగిరా తిప్పుతుంది. ఈ.కోలైలో ఆ మోటారును నడిపేది ఏటీపీ (కణం శక్తికి వాడే అణువు) కాదు, పొర దాటి లోపలికి వచ్చే ప్రోటాన్లు. వైవాలో ఇది తరచూ అడుగుతారు. కశాభం కనబడదు గనుక, అది చేసే పనిని చూస్తాం.

దీనికి వాడేది హ్యాంగింగ్ డ్రాప్. కవర్‌స్లిప్ నాలుగు మూలలా కాస్త వాజిలిన్ రాయండి. నాలుగు నుంచి ఆరు గంటలు పెరిగిన పెప్టోన్ వాటర్ (బ్యాక్టీరియా పెంచే ద్రవం) కల్చర్‌ను ఒక లూప్ (తీగ ఉంగరం) నిండా తీసి మధ్యలో పెట్టండి. గుంట స్లైడును బోర్లించి దాని మీద అద్ది, ఒక్కసారిగా తిప్పేయండి. చుక్క గుంటలో వేలాడాలి, అడుగుకు తగలకూడదు. కండెన్సర్ దించి, వెలుతురు బాగా తగ్గించండి. రంగు వేయని కణాలు ఎక్కువ వెలుతురులో అసలు కనబడవు. 10ఎక్స్‌లో చుక్క అంచు పట్టుకుని, 40ఎక్స్‌కు వెళ్లండి.

అసలు కష్టం ఇక్కడే. కదిలిందల్లా చలనం కాదు. ఉన్నచోటే వణుకుతుంటే అది బ్రౌనియన్ కదలిక. చచ్చిన కణం కూడా అలాగే వణుకుతుంది. అన్నీ ఒకే వైపు కొట్టుకుపోతుంటే ద్రవం పారుతోందన్నమాట. ఒకటి అటు, ఒకటి ఇటు, ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతేనే ‘చలనం ఉంది’ అని రాయండి. అనుమానం వస్తే పక్కనే క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా చుక్క పెట్టి పోల్చండి, దానికి కశాభాలు లేవు. పని అయ్యాక స్లైడు నేరుగా డిస్ఇన్ఫెక్టెంట్‌లోకి పోవాలి. అందులో ఉన్నది బతికున్న కల్చర్.

రోగనిర్ధారణలో ఇది చాలా పనికొస్తుంది. టైఫాయిడ్ తెచ్చే సాల్మోనెల్లా టైఫీ ఈదుతుంది, రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా ఈదదు. కలరా రోగి విరేచనంలో విబ్రియోలు (కలరా బ్యాక్టీరియా) రివ్వున దూసుకుపోతాయి. కలరా యాంటీసీరం (కలరా యాంటీబాడీలున్న సీరం) చుక్క వేయగానే ఆగిపోతే అనుమానం బలపడినట్టే.

ఇక వైడాల్. ఫెర్నాండ్ వీడాల్ 1896లో పారిస్‌లో చెప్పిన పద్ధతి ఇది. రోగి సీరంలో యాంటీబాడీలుంటే, దానితో కలిపిన బ్యాక్టీరియా యాంటిజెన్ ముద్దకడుతుంది. కశాభం మీది యాంటిజెన్ హెచ్, కణం ఒంటి మీదిది ఓ. ట్యూబు పరీక్షలో హెచ్ దూదిపింజల్లా వదులుగా ముద్దకడుతుంది, కాస్త కదిపితే లేస్తుంది. ఓ మాత్రం గరుకుగా, అడుగున పరుచుకుని ఉంటుంది. కళ్లు ఈ తేడాకు అలవాటు పడేదాకా కంట్రోల్ ట్యూబుతో పోల్చకుండా ఏదీ రాయకండి.

ఓ యాంటీబాడీలు ముందు పెరిగి ముందే తగ్గుతాయి. హెచ్‌వి చాలాకాలం నిలిచిపోతాయి. పాత టైఫాయిడ్ ఉన్నవాళ్లకు వేరే జ్వరం వచ్చినా హెచ్ ఒక్కోసారి పైకి లేస్తుంది. పాత టీఏబీ టీకా (చంపిన టైఫాయిడ్, పారాటైఫాయిడ్ బ్యాక్టీరియాతో చేసింది) కూడా హెచ్ పెంచేది. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేసే కాంజుగేట్ టీకాలో టైఫాయిడ్ బ్యాక్టీరియా నుంచి తీసుకున్నది వీఐ అనే పైపొర మాత్రమే కాబట్టి దానివల్ల హెచ్ పెరగదు. మన ఊళ్లలో ఒక్క స్లైడ్ పరీక్ష చూసి ‘టైఫాయిడ్ పాజిటివ్’ అని యాంటీబయాటిక్ మొదలుపెట్టడం నాకు చాలా బాధ కలిగించే విషయం. మొదటి వారంలో యాంటిబయాటిక్‌కు ముందే బ్లడ్ కల్చర్ తీయాలి. వైడాల్ అయితే వారం, పది రోజుల తేడాతో రెండు శాంపిళ్లు తీసి, టైటర్ (సీరం ఎంత పలచన చేసేదాకా ముద్దకట్టిందో ఆ అంకె) నాలుగు రెట్లు పెరిగిందా అని చూడాలి.

వచ్చే భాగానికి అభ్యాసం: రెండు రోజుల జ్వరం, పోయినేడు టైఫాయిడ్ వచ్చి తగ్గింది, ఓ 1:40, హెచ్ 1:320. రిపోర్టు కింద మీ మాటల్లో రెండు వాక్యాల వ్యాఖ్య రాయండి, ఏ పరీక్ష అడుగుతారో కూడా చేర్చండి.